పట్టణ పాఠశాలలలో బాలబాలికల క్రమశిక్షణము - క్షేమము

(వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో చేసిన యుపన్యాసము)



 విద్యాగోష్ఠి యనగా విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమునకు వలయు చందాలను గూర్చియు, పరీక్షలలో ప్రథమశ్రేణి నందిన బాలబాలికలకు ఈయదగు బహుమానములను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు వాడుక. అవి యన్నియు కావలసినవే. కాని యీ సంవత్సరము విషయనిర్ధారణ సంఘమునకు వచ్చిన చిత్తుతీర్మానములలో నొకటి మా దృష్టి నాకర్షించినది. పట్టణములలోని ప్రభుత్వ, పురపాలక పాఠశాలలయందు క్రమశిక్షణము నశించినదనియు, ఇటీవలి చట్టము ఉపాధ్యాయుల చేతులను కట్టివైచినదనియు, కావున విద్యార్థులను దండించు అధికారమును వారికి మరల నొసగవలెనని ప్రభుత్వమును ప్రార్థింపవలెననియు అందు గలదు. దీనిని పంపినవారు పెద్దలు, విద్యాభిమానులు. వారి యావేదన నిజమైనదే. తీర్మానము మాత్రము ఈ సభ యంగీకరింపదగినది కాదని మా యభిప్రాయము. ఎందులకో మనవి చేయుదుము.

ముందుగా వారి పక్షమును న్యాయముగా విచారింతము. నేడు మన నగరములలోని ప్రభుత్వ పాఠశాలలకు వచ్చు పిల్లలెవ్వరు? కట్టడపు పనులకును, ఇండ్లలో పాచిపనులకును, ఆటోలు నడుపుటకును తెల్లవారకమునుపే పోవు తలిదండ్రుల బిడ్డలు. పల్లె విడిచి వచ్చి రెండేండ్లైనను కానివారు, అద్దెయిల్లు మారినపుడెల్ల బడియు మారువారు, ఇంట తెలుగుగాక ఒడియాయో హిందీయో మాటలాడువారు వీరిలో పెక్కురు. కొంచెము కలిగినవారు తమ పిల్లలను ప్రైవేటు బడులకు పంపుచుండుటచే కష్టములన్నియు నొక్కచోట చేరినవి. సాయంకాలము బడి విడిచి ఇంటికి పోయినను వారికి తలుపు తీయువారుండరు. చేతిలో సెల్‌ఫోను మాత్రముండును. గేటు బయట జరిగిన చిన్న తగవు రాత్రి కాకమునుపే దృశ్యమై వాడవాడలకు ప్రాకును. మరునాడు పదిమంది పెద్దపిల్లలు దాని పగ తీర్చుకొనుటకు వత్తురు. విద్యాసంస్థలకు నూరు గజముల లోపల పొగాకు సరకులు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ నూరు గజములను టేపు పట్టి కొలిచి చూచిన యధికారిని మాత్రము మేమెఱుగము.

ఇట్టి తరగతిలో సుద్దముక్క చేతబట్టి నిలుచున్న ఉపాధ్యాయుని చూడుడు. బోధనముతోపాటు మధ్యాహ్న భోజనపు లెక్కలు, హాజరు ఛాయాచిత్రములు, ఎన్నికల జాబితాలు అతని నెత్తిపైననే యున్నవి. వెనుక బల్లపై కూర్చున్న యిద్దరు అతని మాట వినరు. గట్టిగా మందలించినచో మరునాడు బంధువర్గము వచ్చి గుమ్మములో నిలుచును. 2025 మార్చి నెలలో విజయనగరము జిల్లాలోని యొక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు, పిల్లలను దండించు వీలు తమకు లేదని వాపోవుచు, వారి యెదుటనే సాష్టాంగపడి, తామే గుంజిళ్ళు తీసిరి. ఆ దృశ్యము రాష్ట్రమంతటను వ్యాపించినది. చూచినవారికి పెక్కురకు కన్నులు చెమర్చినవి. తీర్మానము పంపిన పెద్దల మనస్సులో నీ దృశ్యమే యున్నదని మేము తలంచుచున్నాము. గురువు శిష్యుల కాళ్ళపై పడు దినము రాకుండవలెనని కోరుట తప్పు కాదు.

కాని దండనము పోయినందుననే క్రమశిక్షణము పోయినదన్నచో, దండనము నిరాటంకముగా నున్న కాలమున బడి యెట్లుండెనో చూడవలెను గదా! 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లాలోని వీథిబడులను గూర్చి మద్రాసు రెవిన్యూ బోర్డునకు వ్రాసిన నివేదిక నేటికిని లభించుచున్నది. తెలుగును కన్నడమును కలిసిన ఆ జిల్లాలో నాడు బడులు 533; చదువుకొనువారు 6,641 మంది; అందు బాలికలు 60 మందియే. ఉదయమున మొట్టమొదట వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతీనామమును గౌరవార్థము వ్రాసెడువారట. రెండవవాని చేత సున్న చుట్టెడువారు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవారికి వరుసగా నొక్కొక్కటి హెచ్చు. సోమరులను రెండు చేతులు కట్టి యింటి కప్పునకు వ్రేలాడదీయుటయు, ఆపకుండ కూర్చుండి లేచునట్లు చేయుటయు నందు వర్ణింపబడినవి. మన తాతలు కోదండమనియు గుంజిళ్ళనియు చెప్పినవి యివియే.

ఈ లెక్కను కొంచెము గుణించి చూడుడు. ముప్పదవవాడుగా వచ్చిన పిల్లవానికి ఇరువదియెనిమిది దెబ్బలు. వాడు వానిని తిని లోనికి పోవుటకంటె చెరువుగట్టున చింతచెట్టెక్కి కూర్చుండుటయే మేలని తలపడా? వేళకు రప్పించుటకై యేర్పడిన దెబ్బలు ఆలస్యమైనవానిని ఆనాటికి బడికే దూరము చేయుటకు చాలును. బడిదొంగ యను మాట మన భాషలో నూరక పుట్టలేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు మన వీథిబడి పద్ధతిని ఆండ్రూ బెల్ అనునాతడు మద్రాసునుండి ఇంగ్లండునకు గొనిపోయి యచ్చట ప్రచారము చేసెను. మనవద్ద మెచ్చదగినదానిని పరులు గైకొనిరి. మనకు చింతబరికె మిగిలినది. ఆ ఇంగ్లండు సైతము 1987లో తన ప్రభుత్వ పాఠశాలలనుండి బెత్తమును తొలగించివైచినది.

ఇక చట్టమును గూర్చి. అది తీర్మానములో వ్రాసినంత యిటీవలిది కాదు. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అచ్చటి పాఠశాల నియమములలో దెబ్బలకు అనుమతి యిచ్చు భాగమును కొట్టివేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002 ఫిబ్రవరిలో తన విద్యానియమములను సవరించి యన్ని విద్యాసంస్థలయందును శారీరక దండనమును నిషేధించినది. పిమ్మట 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. అందలి 17వ సెక్షను బిడ్డ దేహమును నొప్పించుటయే గాక మనస్సును వేధించుటయు కూడదని శాసించుచున్నది. ఇది కేంద్ర శాసనము. రాష్ట్ర ప్రభుత్వమునకు మనమెన్ని విన్నపములు పంపినను ఆ యధికారమును అది ఈయజాలదు. కావున ఆ తీర్మానము ఫలమునిచ్చునది కాదు. ఇది చిన్న యాక్షేపణము. పెద్దది వేరొకటి కలదు.

ఉపాధ్యాయుల చేతులు కట్టబడినవని చెప్పుట వాస్తవమేనా? 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించి యొక గ్రంథమును ప్రకటించిరి. ఆ 13 రాష్ట్రములలో మన రాష్ట్రమును గలదు. బడికి పోవు పిల్లలలో నూటికి 65 మంది తాము దెబ్బలు తినుచున్నామని చెప్పిరి. ఆ దెబ్బలలో నూటికి 62 ప్రభుత్వ, పురపాలక పాఠశాలలలోనివే. మన రాష్ట్రమున బెత్తమును నిషేధించి అప్పటికి అయిదేండ్లైనది. చట్టము వచ్చిన తొలినాళ్ళలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమువారు ఏడు రాష్ట్రములలో 6,632 మంది పిల్లల నడిగిరి. తమకే విధమైన శిక్షయు జరుగలేదని చెప్పినవారు తొమ్మండుగురు. తొమ్మిది వందలు కాదు, తొమ్మండుగురే!

వీనికంటె మమ్ము చింతింపజేసిన లెక్క మఱియొకటి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 'యంగ్ లైవ్స్' అను పేర ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని కొందరు పిల్లలను ఏండ్ల తరబడి గమనించుచు వచ్చిరి. 2009 ప్రాంతమున, గడచిన వారము రోజులలో బడిలో దెబ్బలు తింటిరా యని యడుగగా, ఎనిమిదేండ్లవారిలో నూటికి 78 మందియు, పదునైదేండ్లవారిలో నూటికి 34 మందియు తింటిమని చెప్పిరి. పెద్దలు దీనిని నిదానముగా ఆలోచింపవలెను. బడిగేటు వద్ద కొట్లాడువాడు, ఫోనులో దృశ్యములు త్రిప్పువాడు, ఉపాధ్యాయుని యెదిరించువాడు ఏ వయస్సువాడు? పదునాలుగు పదునైదేండ్లవాడు. దెబ్బలు మిక్కిలిగా తినుచున్నవాడెవ్వడు? ఎక్కము తప్పిన యెనిమిదేండ్లవాడు. బెత్తము తిరిగి కొట్టలేనివానిపైననే పడుచున్నది. మూతిమీద మీసము మొలిచినవానివైపు అది చూచుటకైనను జంకును. అట్లయినచో తీర్మానము కోరిన యధికారము చేతికి వచ్చినను, తీర్మానము భయపడుచున్న యల్లరి యెట్లణగును?

ఇంతవరకు క్రమశిక్షణమును గూర్చి చెప్పితిమి. మేము ముఖ్యముగా మనవి చేయదలచినది క్షేమమును గూర్చి. చాలమంది యీ రెంటిని వేర్వేరు పెట్టెలలో పెట్టెదరు. క్రమశిక్షణమనగా పిల్లవాడు చేయు తప్పు. క్షేమమనగా గోడయు, గేటును, కావలివాడును. మా కట్లు తోచదు. బడిలో కలుగు ఏ యపాయమైనను ముందుగా తెలియునది పిల్లలకే. పై అంతస్తు పిట్టగోడ కదలుచున్నదని వారికి తెలియును. మరుగుదొడ్డి వెనుక నెవ్వరు పొంచియుందురో, ఏ పెద్దపిల్లవాడు చిన్నవారి డబ్బులు లాగికొనుచున్నాడో, ఏ ఆటోవాడు త్రాగి బండి నడుపునో, ఎవని చేయి తగులరాని చోట తగులుచున్నదో వారికే తెలియును. పెద్దవారికి తెలియవలెనన్న వారు చెప్పవలెను. 'నోరు మూసికొని కూర్చుండుము' అని పది సంవత్సరములు నేర్పిన పిల్ల, నోరు తెరువవలసిన నాడు తెరువదు. భయముచేత కలిగిన నిశ్శబ్దమును మనము క్రమశిక్షణమని పొగడుచున్నాము. పాపము చేయువానికి దానికంటె మంచి కాపుదల లేదు.

2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము, బిడ్డపై లైంగికమైన నేరము జరిగినట్లు తెలిసినవారెవ్వరైనను పోలీసులకు తెలుపవలెననియు, తెలుపకున్న శిక్షార్హులనియు విధించినది. సంస్థ నడుపువారు దాచినచో ఏడాదివరకు కారాగారము. మంచి చట్టమే. కాని దాని మొదటి మెట్టు, బిడ్డ ఎవ్వరితోనో చెప్పుట. పలక విరిగినదని చెప్పినందుకే చెంపదెబ్బ తిన్న బిడ్డ, అంతకంటె పెద్ద సంగతి నెవ్వరితో చెప్పును? 1098 అను పిల్లల సహాయపు సంఖ్యను గోడపై రంగులతో వ్రాయించిన బడులు చాల గలవు. ఆ సంఖ్యకు ఫోను చేసినచో నన్నేమియు అనరను నమ్మకమును గోడపై వ్రాయించుట సాధ్యము కాదు.

చెప్పినంతమాత్రమున చాలదు, చెప్పినవానికి రక్షణ కావలెను. కులసంఘ వేదికనుండి మాటలాడుచున్నాము గనుక ఒక సంగతిని దాచక చెప్పవలసియున్నది. 2023 ఆగస్టులో తమిళనాడు తిరునెల్వేలి జిల్లా నాంగునేరియందు, పండ్రెండవ తరగతి చదువుచున్న దళిత బాలుడొకడు తోటి విద్యార్థులు కులము పేర తన్ను వేధించుచున్నారని బడిలో చెప్పెను. ఆ రాత్రియే వారు ఇంటిమీదికి వచ్చి కత్తులతో వానిని నరికిరి. అడ్డువచ్చిన చెల్లెలికిని గాయములైనవి. ప్రాణములు దక్కినవి. తమిళనాడు ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి చంద్రుగారిని విచారణకు నియమింపగా వారు 2024 జూన్‌లో నివేదిక యొసగిరి. కులమును తెలుపు రంగుల మణికట్టు దారములు విద్యార్థులు ధరింపరాదనియు, పాఠశాలల పేర్లనుండి కులనామములు తొలగింపవలెననియు అందు సిఫారసు చేసిరి. ఆ దారములు పిల్లలకు ఎచ్చటినుండి వచ్చినవి? బడిలో మొలవలేదు. ఇంటిలోను, మనవంటివారి సభలలోను వినిన మాటలనుండి వచ్చినవి. మన సంఘము విద్యాభివృద్ధికై యేర్పడినది. మన పిల్లవాడు వేరొక పిల్లవానిని కులము పేర బడిలో నవమానించినచో, అది మన విద్యానిధి యిచ్చిన వేతనములన్నిటిని కొట్టివేయు లెక్క. యునెస్కోవారు 2019లో ప్రకటించిన పరిశీలన ప్రకారము ప్రపంచమున ముగ్గురు విద్యార్థులలో నించుమించుగా నొకరు నెలదినములలోపల తోటివారిచేత వేధింపబడుచున్నారు. మన దేశమున ఆ వేధింపునకు కులమొక సిద్ధమైన యాయుధము. వయస్సు వచ్చినవారు నూరుకున్నచో పిల్లలు దానిని వాడుదురు.

కట్టడముల సంగతి కొంచెము చెప్పెదము. 2004 జూలై 16న కుంభకోణములో ఒక ఎయిడెడు పాఠశాలయందు వంటయింటి నిప్పు తాటాకు కప్పునకు అంటుకొని 94 మంది పసిపిల్లలు కాలిపోయిరి. ఆ దుర్ఘటనపై వచ్చిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2009 ఏప్రిలు 13న తీర్పు చెప్పుచు, విద్యాహక్కులో క్షేమమైన బడికి హక్కును చేరియున్నదని నిర్ణయించి, నిప్పునార్పు పరికరములు, అగ్నిప్రమాద సమయమున మెలగు విధానమునందు ఉపాధ్యాయులకు శిక్షణము మున్నగువానిని ఆదేశించినది. నేడు మన బడులకు వెళ్ళి చూడుడు. ఎఱ్ఱని సిలిండరు గోడకు వ్రేలాడుచుండును. దాని తేదీ చూచువారరుదు. వెనుక ద్వారమునకు దొంగల భయముచేత తాళము. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని బల్లసొరుగులో. గంట మ్రోగగానే త్రోసికొనక, ఏడ్వక, చిన్నవారి చేయి పెద్దవారు పట్టుకొని, రెండు వరుసలలో మూడు నిమిషములలో మైదానము చేరునట్లు తరగతిని తీర్చుట - క్రమశిక్షణమను పేరునకు తగినది యిది. దీనిని బెత్తముతో నేర్పుట సాధ్యము కాదు. నెలకొకసారి చేయించుటయే మార్గము. భయపడిన పిల్లలు నిప్పు కనబడగానే బల్లక్రింద దాగుదురు.

మా మాటను విన్న మిత్రులు కొందరు, మన సంఘీయుల బిడ్డలు పెక్కురు నివసించుచున్న అమెరికాలో కఠినమైన నియమములు, బడులలో పోలీసులు నున్నారు గదా, మనమును ఆ మార్గమేల పట్టరాదని యడిగిరి. ఆ దేశపు టనుభవము మనకు నిజముగా నుపయోగపడునది. 1994లో అచ్చటి కేంద్రశాసనసభ, తుపాకి తెచ్చిన విద్యార్థిని ఏడాది బడినుండి వెళ్ళగొట్టవలెనని చట్టము చేసినది. అందాక సమంజసమే. 1999 ఏప్రిలులో కొలరాడో రాష్ట్రమున కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో ఘోరము చేసిన పిమ్మట భయము పెరిగి, ఆ కాఠిన్యము చిన్న తప్పులకును ప్రాకినది. ఎదురు చెప్పినను, కొట్లాడినను బడినుండి కొన్నాళ్ళు వెలి. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమువారు నియమించిన పండితులు 2008లో ప్రకటించిన నివేదికలో, ఇట్లు వెళ్ళగొట్టుట వలన బడులు సురక్షితములైనట్లు ఆధారములు లేవని చెప్పిరి. నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లలకంటె మూడింతల రేటున వెలి యగుచుండిరని 2014లో ఆ ప్రభుత్వపు లెక్కలే తెలిపినవి.

చికాగో నగరమును చూడుడు. అది అమెరికాలోని మిక్కిలి పెద్ద నగరములలో నొకటి. పేటలలో తుపాకుల చప్పుడు వినబడుచుండును. అచ్చటి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఆ నగర ప్రభుత్వ పాఠశాలల క్షేమమును గూర్చి యొక గ్రంథము వెలువరించిరి. నేరములు హెచ్చుగా నున్న బీదపేటలలోని బడులైనను, ఉపాధ్యాయులకు పిల్లలతోను తలిదండ్రులతోను మంచి పొత్తున్నచోట, పొత్తులేని మంచిపేటల బడులకంటె పిల్లలు క్షేమముగా నున్నామని చెప్పిరట! ఎక్కువగా వెలివేయు బడులు అట్లు క్షేమముగా కనబడలేదు. మేము చదివినవానిలో మా కత్యంత ముఖ్యముగా తోచిన సంగతి యిది. బీదపేట గనుక ఏమియు చేయలేమను మాటను అది తీసివేయుచున్నది. మఱియొక మాట: ఆ దేశపు దక్షిణ రాష్ట్రములు కొన్నింటిలో నేటికిని బడిలో కొట్టుటను చట్టము నిషేధింపలేదు. బెత్తమున్నంత మాత్రమున ఆ రాష్ట్రముల బడులలో శాంతి వెల్లివిరిసినదని యెవ్వరును చెప్పుకొనుట మేము వినలేదు.

ఆ పొత్తు మన బడులలో ఎట్లేర్పడును? ఇచ్చట ఉపాధ్యాయుల పక్షమున ప్రభుత్వమును గట్టిగా నడుగవలసియున్నది. ప్రాథమిక తరగతులలో ముప్పది మందికొక ఉపాధ్యాయుడని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఖాళీలు నింపకుండ ఆ యంకెను కాగితముపైననే యుంచి, బెత్తము క్రింద పెట్టుమని శాసించుట ఒక కంటికి కాటుక, ఒక కంటికి సున్నము. బెత్తమునకు బదులు ఏమి చేయవలెనో ఉపాధ్యాయునకు నేర్పవలెను. అది యెచ్చటినో తేవలసిన విద్య కాదు. 1920లో గుజరాతు దేశమున భావనగరమునందు బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకాగారు, అల్లరి తరగతిని కథ చెప్పి కూర్చుండబెట్టవచ్చునని తమ రచనలలో చూపిరి. మన యుపాధ్యాయ శిక్షణాలయములలో ఆయన పేరు పరీక్షకై చదివి, పరీక్ష కాగానే మఱచుచున్నారు. ఇంకను, ఇంట తండ్రి త్రాగి కొట్టుటచే మనస్సు చెదరిన పిల్లవానితో ఏకాంతముగా మాటలాడుటకు తగిన శిక్షణము పొందిన మనిషి యొకరు మూడు నాలుగు బడులకైనను కలిసి యుండవలెను. ఉపాధ్యాయుడే గుమాస్తా, వైద్యుడు, పోలీసు, ధర్మకర్త కావలెనన్నచో తుదకు గుంజిళ్ళు తీయక యేమి చేయును?

ప్రభుత్వమునకంటె ముందు ఇంటిని చూడవలెను. పిల్లవానిని బడిలో చేర్చునపుడు తండ్రి యనుమాట మీరెల్లరు వినినదే: 'తోలు వలిచినను సరే పంతులుగారూ, కన్నులు మాత్రము మాకు మిగుల్చుడు.' ఇది ప్రేమతో చెప్పుమాటయే యని మేమెఱుగుదుము. కాని చట్టము నిషేధించిన తరువాతను ఇరువదియేండ్లుగా బెత్తమును బ్రతికించుచున్నది యీ మాటయే. 1860 నాటి శిక్షాస్మృతిలోని 89వ సెక్షను, పండ్రెండేండ్లు నిండని బిడ్డ మేలుకొఱకు సంరక్షకుని సమ్మతితో సద్భావముగా చేసిన పనిని నేరముగా నెంచకుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఆ భావము నిలిచియున్నది. తండ్రి సమ్మతికి అంత బలమున్నదని దీనివలన తెలియుచున్నది. ఆ సమ్మతిని ఈయకుండుట మన చేతిలోని పని. దానికి ప్రభుత్వమునకు విన్నపము పంపనక్కరలేదు. ఇంట కొట్టి, బడిలో కొట్టింపుమని చెప్పి, బిడ్డకు కష్టము వచ్చినపుడు మాతో చెప్పలేదేమని యేడ్చిన తలిదండ్రులను మేము చూచియున్నాము. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత చెప్పెదరు. తోటమాలి నడిగిచూడుడు; మొక్కకు కఱ్ఱను ఊతగా పాతునే గాని దానితో మొక్కను కొట్టడు.

విద్యాహక్కు చట్టములోని 21వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య సంఘ ముండవలెను. అందు నాలుగింట మూడువంతుల సభ్యులు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సగము మంది స్త్రీలుండవలెను. ఇంత యధికారమును చట్టము మన చేతిలో పెట్టగా, మనవారు సంతకము చేయుమని కబురు వచ్చిననాడు మాత్రమే పోవుచున్నారు. వెనుక ద్వారపు తాళమును గూర్చి, పిట్టగోడను గూర్చి, నూరు గజములలోని కిళ్ళీకొట్టును గూర్చి యడుగవలసినవారు వారే. ముఖ్యముగా తల్లులు అడుగవలెను. పిల్లలు తల్లులతో చెప్పునంతగా తండ్రులతో చెప్పరు.

మన వసతిగృహముల మాట సభవారు అడుగకపోయినను చెప్పుట మా ధర్మము. పట్టణములకు చదువులకై వచ్చిన మన పిల్లలు పగలు ప్రభుత్వ పాఠశాలలోను, రాత్రి మన గృహములోను ఉందురు. ర్యాగింగును నిషేధించుచు ఉమ్మడి రాష్ట్రమున 1997లోనే చట్టమైనది. అయినను పెద్ద తరగతులవారు చిన్నవారిచేత బట్టలుతికించుట 'సంప్రదాయము' అని నవ్వి యూరకుండు పర్యవేక్షకులు ఎందైన నుండవచ్చును. బడిలో ఉపాధ్యాయుడు కొట్టరాదని చెప్పు సంఘము, తన కప్పుక్రింద తన పిల్లలు కొట్టబడుట లేదని మొదట నిశ్చయపరచుకొనవలెను. అందులకు ఖర్చు స్వల్పము. పర్యవేక్షకునకు సంబంధములేని, పిల్లలకు నమ్మకమైన పెద్దమనిషి యొకరు, వీలైనచో స్త్రీ, పదునైదు దినముల కొకసారి పోయి, పర్యవేక్షకుని గదిలో గాక చెట్టుక్రింద కూర్చుండి పిల్లలతో మాటలాడి రావలెను. చెప్పినవాని పేరు బయట పెట్టరాదు.

ఈ కారణములచేత ఆ చిత్తుతీర్మానమునకు మేమొక సవరణము ప్రతిపాదించుచున్నాము. దండనాధికారమును కోరు వాక్యమును తీసివేయవలెను. దానికి మారుగా, పట్టణ ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయుల ఖాళీలను నింపుమనియు, కొన్ని బడులకైనను కలిపి మనోవైద్య శిక్షణము గల సలహాదారును నియమింపుమనియు, ప్రతి నెల అగ్నిరక్షణాభ్యాసమును జరిపింపుమనియు ఉభయ రాష్ట్రముల ప్రభుత్వములను కోరవలెను. మన శాఖాసంఘములు తమ తమ పట్టణములలోని యాజమాన్య సంఘములయందున్న మన స్త్రీపురుషుల జాబితాను వచ్చే సంక్రాంతి లోపల కేంద్ర కార్యాలయమునకు పంపవలెను. వసతిగృహ నియమావళిలో 'దండనము' అను శీర్షిక క్రిందనున్న రెండు పంక్తులను రద్దుపరుపవలెను.

సవరణపు ప్రతిని కార్యదర్శిగారి కొసగియున్నాము. విషయనిర్ధారణ సంఘము రేపు ఉదయము ఎనిమిది గంటలకు సమావేశమగునని తెలిసినది. భిన్నాభిప్రాయము గల పెద్దలు అచ్చటికి దయచేసి వాదింతురని ఆశించుచు, సెలవు గైకొనుచున్నాము.